రెట్టింపు చూపిన ముల్లు

తమ్ముడికి,

అక్క దీవెనలు. మన పాత బోటులో ఇంజను వేగం చూపే మీటరు బాగైంది. ఆ సంగతి నీకు రాయమని నాన్న చెప్పాడు.

మొన్న నాన్నే బోటు తీశాడు. బాతులు మమ్మల్ని దాటిపోతున్నాయి. ముల్లు మాత్రం నిమిషానికి నాలుగు వేల చుట్ల మీద ఉంది. "ఇంజను నాశనం చేస్తావురా!" అని నాన్న నీ చేతిలోంచి తాళం లాక్కున్నప్పుడూ అది అక్కడే ఉంది కదా. నువ్వు అలిగి వెళ్లిపోయిందీ అందుకే కదా.

"దీనికేమైనా పిచ్చెక్కిందా?" అన్నాడు. వైర్లన్నీ విప్పి చూశాను, ఒక్కటీ ఊడలేదు. చివరికి మీటరు బయటికి లాగితే వెనక చిన్న స్విచ్చు కనిపించింది. ఇంజనుకు ఎన్ని సిలిండర్లుంటే దాన్ని ఆ అంకె మీద పెట్టాలి. మనది ఎనిమిది సిలిండర్ల ఇంజను, స్విచ్చు నాలుగు మీద ఉంది. అందుకే ఇన్నాళ్లూ ఉన్న వేగానికి రెట్టింపు చూపించింది.

పాత మీటరు పోతే ఇది తెచ్చి బిగించింది నాన్నే. నేనా మాట ఎత్తలేదు.

"అయితే వాడు రెండు వేల మీదే నడిపాడన్నమాట," అన్నాడు నాన్న. ఆ వెంటనే, "ఇదంతా రాయకు. మీటరు బాగైందని రాయి, చాలు," అన్నాడు.

కాబట్టి, మీటరు బాగైంది.

బోటు తాళం తన జేబులోంచి తీసి, నీ రెయిన్‌కోటు ఉండే కొక్కేనికి తగిలించాడు. అది రాయొద్దని చెప్పలేదు.

అక్క