కొత్త సానరాయి

తెనాలి
నవంబరు 1994, ఆదివారం రాత్రి

పెరటి షెడ్డులో నాన్న గ్రైండరుకి ఇవాళ కొత్త సానరాయి వేద్దామని కూర్చున్నాను. ఆ షెడ్డులో ఇప్పటికీ కాలిన ఇనుము వాసనే, నాన్న చొక్కా వాసన.

బిగించే ముందు ఆయన పద్ధతి ఒకటుంది. రాయి మధ్య రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవరు చెక్క పిడితో తట్టాలి. మంచి రాయి గంటలా మోగుతుంది. పగులుంటే మొద్దుగా పలుకుతుంది. అలాంటిది బిగిస్తే తిరుగుతూ తిరుగుతూ పగిలి ముక్కలు మొహాన పడతాయి.

తట్టాను. మోగలేదు. నాలుగు పక్కలా అదే మొద్దు చప్పుడు. అమ్మినవాణ్ణి తిట్టుకుంటూ మళ్లీ కాగితంలో చుడుతుంటే, పంపు దగ్గర గిన్నెలు తోముతున్న మా ఆవిడ సరోజ అంది, "చుట్టేస్తున్నారేంటండీ? ఖంగుమని ఇక్కడిదాకా వినపడుతుంటేనూ."

దగ్గరికి పిలిచి ఇంకోసారి తట్టాను.

"అదుగో, మోగిందిగా."

నాకు వినపడలేదు.

చివరి ఏళ్లలో నాన్న రాయి తట్టి, "ఎట్టా ఉందో నువ్వు వినరా" అనేవాడు. పని నేర్పుతున్నాడనుకుని పొంగిపోయేవాణ్ణి. "బాగుంది నాన్నా" అంటే తలూపి బిగించేవాడు. తనకి వినపడటం లేదని ఒక్కనాడూ చెప్పలేదు.

ఉద్యోగానికి రేపల్లె రైలు అందుకోవాలన్న తొందరలో, సరిగ్గా వినకుండానే బాగుందన్న రోజులున్నాయి. ఆ మాట నమ్మి ఆయన రాయికి ఎదురుగా మొహం పెట్టి కూర్చునేవాడు.