గోడ దాటే పుట్టినరోజు కార్డు

కుట్టు దుకాణంలో గుండీలు, కాజాలు కుట్టే నేను, యాభై ఏళ్ల దానను, దేవుడి దయవల్ల మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. రెండు రోజులుగా ఊరికే నవ్వు వస్తోంది. దాన్ని మతి తప్పడంగా ఎవరూ లెక్కించరాదు. దారాల కంపెనీ లాటరీలో నాకు రెండు విమానం టికెట్లు తగిలాయి. మోకాళ్ల నొప్పి తగ్గించమని ప్రార్థిస్తే దేవుడు ఏకంగా నన్ను గాల్లోకే ఎత్తుతున్నాడు. ఎందుకైనా మంచిదని, బిస్కెట్ల డబ్బాలో దాచుకున్న గ్రీటింగ్ కార్డుల సంగతి తేల్చి మరీ వెళ్తున్నాను.

1. నా కూతురు చిన్నప్పుడు గుండీలు అంటించి చేసిన కార్డులన్నీ కూతురికే. ఆ గుండీలు నా పని డబ్బాలోంచి కొట్టేసినవే. అయినా తిరిగి అడగను.

2. పెళ్లిరోజున మా ఆయన ఇచ్చిన కార్డు ఆయనకే చెందును. దాని మీద "త్వరగా కోలుకోవాలి" అని ఉంది. అడిగితే, "పువ్వులు బాగున్నాయని తెచ్చాను. లోపల ఎవరు చదువుతారు?" అన్నారు. ఇన్నేళ్లూ అది చూసినప్పుడల్లా కోలుకుంటూనే ఉన్నాను.

3. అసలు సంగతి ఇది. అత్తగారి అద్దాల బీరువా నాకు దక్కిందని, గోడ అవతలి వాటాలో ఉండే తోటికోడలు, మా అక్కయ్య, నాతో మాటలు మానేసింది. ఆ ఏడు ఆమె పుట్టినరోజుకు నేను పంపిన కార్డునే, పేరు కొట్టేసి, నా పుట్టినరోజుకు నాకు పంపింది. మరుసటేడు నేనూ అదే చేశాను. కొట్టేయడానికి చోటు లేక చీటీల మీద చీటీలు అంటించి, అదిప్పుడు దిండంత అయింది. మా మధ్య మిగిలిందల్లా ఆ కార్డే. ప్రస్తుతం నా దగ్గరుంది. నేను తిరిగి రాకపోతే నా కూతురు దాన్ని అక్కయ్య పుట్టినరోజు నాటికి ఆమె చేతికివ్వాలి. చెల్లెలు మర్చిపోయిందని ఆమె అనుకోకూడదు.

4. బీరువా కూడా ఆమెకే. ఎడమ తలుపు కిర్రుమంటుంది.

5. ఇది మర్నాడు చేర్చినది. మా ఆయన, "కాళ్లు నేలమీద ఉంటేనే నాకు ఊపిరాడుతుంది. నువ్వెళ్లిరా" అనేశారు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుని, రెండో టికెట్టు ఆ కార్డులో పెట్టి, పుట్టినరోజు కాకపోయినా అక్కయ్య గడప మీద ఉంచాను. సాయంత్రం దాకా ఇంటికి తెచ్చుకున్న చొక్కాలకు గుండీలు కుడుతూ కూర్చున్నాను. అప్పుడు గోడ అవతల్నుంచి వినబడింది: "మొగుడు భయపడితే గుర్తొచ్చానటే నీకు? సరేలే. కిటికీ పక్క సీటు మాత్రం నాది." ఇన్నేళ్లకు నాతో ఆడిన మొదటి మాట. ఆ సంబరంలో ఎవరిదో చొక్కా గుండీని నా చేతిరుమాలుకు కుట్టేశాను.

6. కనుక మూడో అంశం మారుస్తున్నాను. కార్డు తన సంచిలోనే తెస్తానంటోంది అక్కయ్య. విమానానికి ఏమైనా అయితే కార్డుతో సహా ఇద్దరం దేవుడి దగ్గరికే పోతాం, ఎవరి వంతో ఆయనే తేలుస్తాడు. క్షేమంగా దిగితే మాత్రం నా పుట్టినరోజుకు కార్డు రావలసిందే. మాటలు కలిశాయి కదా అని ఎగ్గొడితే ఊరుకోను.

చదువుకుని, నవ్వు ఆపుకుని, సంతకం చేశాను.

తేదీ: 2026 మార్చి 6, శుక్రవారం

(సంతకం) గుండీలమ్మ

సాక్షులు:
1. దుకాణం కటింగ్ మాస్టరు
2. తోటికోడలు. బీరువా అందుకునే మనిషి సాక్షి సంతకం పెట్టకూడదంటున్నాడు ఈ మాస్టరు. అయితే బీరువా చెల్లెలి దగ్గరే ఉండనీ. నేను సంతకం పెడుతున్నాను.