క్యాలెండర్ నేను ముట్టుకోలేదు

అక్కా, చెప్పులు విప్పకు. నీ బీరువాలో ఉన్న ఆపరేషన్ ఫైలు తీసుకుని నేరుగా ఆసుపత్రికి వచ్చెయ్. నాన్నని ఆటోలో తీసుకెళ్తున్నాను.

లివర్ సగం తీసేశారు కదా, మిగతా సగం పెరిగేదాకా రోజూ "ఇవాళ ఏం వారం?" అని అడగమన్నాడుగా డాక్టరు. తికమకపడితే వెంటనే తీసుకురమ్మన్నాడు. ఇవాళ బుధవారం. నాన్న ముందు శుక్రవారం అన్నాడు, తర్వాత ఆదివారం అన్నాడు. నన్ను బాబాయ్ అనుకుని, నా సైకిలేదిరా అని తిట్టాడు. చేతులు చాపమంటే అవి గాల్లో నిలబడట్లేదు.

పోయినసారి మేడ మీదికి పులి ఎక్కిందని ఇలాగే ఉత్తుత్తి చీటీ రాసింది నేనే. పక్కింటివాళ్ళు కూడా కర్రలు పట్టుకొచ్చారు. కానీ ఈసారి క్యాలెండర్ నేను ముట్టుకోలేదు. ఒట్టు. త్వరగా రావే, నాకు భయంగా ఉంది.

ఇంకోటి. చెప్పులు తొడుగుతుంటే నాన్న "ఇది కూడా నీ వేషమేనట్రా?" అని అడిగాడు. అవునన్నాను.