అందరి తరఫునా జవాబు

ఫిబ్రవరి 11, సోమవారం

ఇవాళ్టి నుంచి మా ఇంటిబడిలో ముగ్గురు పిల్లలకీ ఒకే బల్ల దగ్గర లాటిన్. విడివిడిగా చెప్తుంటే పొద్దంతా చాలడం లేదు. లైనస్‌కి ఐదేళ్ళు, జంతువుల పేర్లు చాలు. జీటాకి పదేళ్ళు, రెండో పుస్తకం. బ్లేజ్‌కి పదమూడు. వాడికి అనువాదం. టైమ్‌టేబుల్ రాసి ఫ్రిజ్‌కి అంటించాను.

మధ్యాహ్నానికి లైనస్ దాని మీద ఆవు బొమ్మ వేశాడు. ఆవుని లాటిన్‌లో ఏమంటారని అడిగితే, దానికే తెలీదమ్మా అన్నాడు.

ఫిబ్రవరి 14

ఫాదర్ నోర్బర్ట్ ఫోన్ చేశారు. మార్చి నెలాఖరు ఆదివారం పూజలో బ్లేజ్ మొదటిసారి బలిపీఠం దగ్గర సేవ చేయాలట. మా చర్చిలో లాటిన్ పూజకి జనం పెదవి కదపరు. ఫాదర్ అన్నదానికి అందరి తరఫునా ఆ కుర్రాడే జవాబు చెప్పాలి.

మా ఆయన కాన్రాడ్ మురిసిపోయాడు. మా నాన్న చేశాడు, నేను చేశాను, ఇది మా రక్తంలోనే ఉంది గెర్డా అన్నాడు. రక్తంలోనే ఉంటే నేనెందుకు గొంతు చించుకోవడం?

ఫిబ్రవరి 20

బ్లేజ్ “సూషీపియాత్” దగ్గర తడబడ్డాడు. ఊపిరి తీసుకోకుండా చెప్పాల్సిన పెద్ద జవాబు. కుర్రాళ్ళందరూ తడబడేది అక్కడేనని కాన్రాడే ఒప్పుకున్నాడు. బ్లేజ్‌కి గొంతు మారుతోంది. సగం మాట మగవాడిది, సగం కోడిపిల్లది. లైనస్ నవ్వుతాడు. నవ్వితే వీడు మూగనోము పడతాడు.

ఆ సందులో జీటా జవాబంతా గడగడా చెప్పేస్తుంది. నేను దానికి నేర్పలేదు. నువ్వు నీ పుస్తకం చూసుకోవే అన్నాను.

ఫిబ్రవరి 21

మళ్ళీ చెప్పింది.

ఫిబ్రవరి 26

జీటాని పుస్తకంతో సహా లాండ్రీ గదిలో కూర్చోబెట్టి తలుపు మూశాను. నేను ఫాదర్ వంతు చదివాను. బ్లేజ్ నోరు తెరిచేలోపు డ్రయర్ మోతని మించి తలుపు వెనకాల నుంచి జవాబు వచ్చింది. ఒక్క తప్పు లేదు.

తలుపు తీసి అరిచాను. మన చర్చిలో ఆడపిల్లలు పీఠం దగ్గరికి వెళ్ళరని తెలుసు కదా, నీకెందుకే ఇదంతా అన్నాను. నేను పీఠం ఎక్కుతానన్నానా అమ్మా, జవాబు చెప్తానన్నాను, అంతేగా అంది. దాని చేతిలో సగం మడతపెట్టిన తువ్వాలు. మిగతావన్నీ మడతపెట్టేసి ఉన్నాయి.

వాడికి రావాలంటే నువ్వు నోరు మూసుకోవాలి అన్నాను. సరే అంది.

మార్చి 6, విభూతి బుధవారం

అందరికీ ఉపవాసం, అందరికీ చిరాకు. నుదుటి మీద బూడిదతోనే పాఠం. లైనస్ తన బూడిద చెరిపి పిల్లికి పెట్టాడు. బ్లేజ్ సగం దాకా చెప్పి ఆగిపోయాడు. జీటా పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. అదీ ఆపమన్నాను.

మార్చి 30, శనివారం

బ్లేజ్ వరసగా మూడుసార్లు తప్పులేకుండా చెప్పాడు. దేవుడా, రేపు కూడా.

మార్చి 31, ఆదివారం

ఉపవాసకాలం నడిమి ఆదివారం కదా, ఫాదర్ గులాబీరంగు వస్త్రం వేసుకున్నారు. బ్లేజ్ బూట్లు నేనే మెరిపించాను. మొదట్లో జవాబులన్నీ వచ్చాయి, గొంతు ఒక్కసారే పలికింది కోడిపిల్లలా. తర్వాత ఫాదర్ మావైపు తిరిగి చేతులు చాపి, ప్రార్థించండి అని, మళ్ళీ పీఠం వైపు తిరిగారు. ఇక సూషీపియాత్.

లేదు.

ఫాదర్ ఆగారు. బ్లేజ్ చెవులు వెనకనుంచి ఎర్రగా కనిపించాయి. చర్చి నిండా మనుషులు, ఒక్కరూ దగ్గలేదు. కాన్రాడ్ బెంచీ అంచు పట్టుకున్నాడు. నాకు ఆ జవాబు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వచ్చు. నోరు మెదపలేదు.

జీటా నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. అది ముందుకు తిరిగి మొత్తం చెప్పింది. తొందర లేకుండా. ఫాదర్ ఆమెన్ అని ముందుకు సాగారు.

పూజయ్యాక చర్చి హాల్లో కాఫీ దగ్గర ముసలి ఓర్వల్ నన్ను పట్టుకున్నాడు. మీ అమ్మాయికి నాలుక మూరెడుందే, వచ్చే వారం ప్రసంగం కూడా తనే చెప్తుందా అన్నాడు. మరి మీకొచ్చుగా, మీరు చెప్పలేకపోయారా అని బ్లేజ్ అన్నాడు. నోట్లో డోనట్. పెద్దవాళ్ళతో అలాగేనా అని నేను కసరలేదు.

ఫాదర్ వచ్చి, పాపకి ఎవరు నేర్పారమ్మా అని అడిగారు. నేను కాదు ఫాదర్ అన్నాను. నిజమే చెప్పాను. ఆయన బ్లేజ్ భుజం తట్టి, వచ్చే ఆదివారం మళ్ళీ రారా అని వెళ్ళిపోయారు.



ఏప్రిల్ 1

జీటా పాఠంలో నోరు విప్పలేదు. దాని వంతు ప్రశ్నలకి కూడా. ఒంట్లో బాగాలేదా అంటే, నోరు మూసుకోమన్నావుగా అంది.

ఏప్రిల్ 2

అలాగే ఉంది. తిట్టాను. బతిమాలాను. పాన్‌కేకులు వేశాను, తినేసింది.

ఏప్రిల్ 3

చెప్పకుండానే పుస్తకం తీసుకుని లాండ్రీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

బల్లకి వీపు పెట్టి, ఆ తలుపు వైపు తిరిగి నిలబడి ఫాదర్ వంతు చదివాను. బ్లేజ్ నోరు తెరిచాడు. నువ్వాగరా అన్నాను. వంటింట్లో టైమర్ మోగి మోగి ఆగిపోయింది. నిలబడే ఉన్నాను.

తలుపు వెనకాల మీట నొక్కిన చప్పుడు, డ్రయర్ మోత ఆగింది.