విలుకాడి ఎడమచెయ్యి

ఆదివారం, మార్చి 9

మహారాజశ్రీ మ్యూజియం సలహా సంఘం అధ్యక్షులవారి సముఖమునకు,

నమస్కారములు. మేమిక్కడ క్షేమం, తమరి క్షేమ సమాచారం తెలుసుకోవాలని కోరిక అని మొదలుపెట్టడం మర్యాద. నాకు మర్యాద తెలియదని ఊరంతా చెప్పుకొచ్చింది మీరే కాబట్టి, ఆ మాట వమ్ము చెయ్యడానికైనా ఈ వాక్యం రాసేశాను. మా ఆవిడ మాత్రం వాళ్ల వదినగారి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో నిజంగానే కనుక్కోమంది. మిమ్మల్ని ఆవిడ ఇప్పటికీ అన్నయ్యగారనే అంటుంది. ఎంత చెప్పినా మాన్పించలేకపోయాను.

ఈ సంగతి ఫోనులోనే తేల్చేద్దామని నాలుగైదు సార్లు చేశాను. సారు మీటింగులో ఉన్నారండీ అని మీ ఆఫీసు అమ్మాయి ఎప్పుడూ ఒకటే పాట. చివరిసారి నా గొంతు వినగానే, “మళ్లీ మీరేనా ఎముకల సారూ” అని నవ్వేసింది. ఆ పేరు ఆ పిల్లకి ఎవరు నేర్పారో తెలుసుకోవడానికి తవ్వకాలేమీ అక్కర్లేదు.

ఇక అసలు విషయం. మ్యూజియంలో ఎముకల గది చూసుకునే అమ్మాయి పోయిన నెల నన్ను పిలిచింది. కొత్త హాలు తెరుస్తున్నారట. మనం తవ్వితీసిన, మీరు ‘మహా విలుకాడు’ అని నామకరణం చేసిన అస్థిపంజరాన్ని మధ్యలో గాజుపెట్టెలో పడుకోబెట్టి, పక్కన అతని నిలువెత్తు కంచు బొమ్మ నిలబెడతారట. ఎముకలు బిగించే ముందు ఒకసారి చూసి పెట్టమంది. వెళ్లాను. గోడకి శిల్పి గీసిన బొమ్మ అంటించి ఉంది. ఛాతీ తలుపంత ఉంది. చేతిలో విల్లు. మీసం కూడా పెట్టాడు మహానుభావుడు. మీసాల సంగతి ఎముకలు చెప్పవు బాబూ అని అక్కడే ఉన్న ఆ శిల్పితో అంటే, “కమిటీవారు అడిగారండీ” అన్నాడు. కమిటీవారంటే ఎవరో నాకు తెలియదా?

నెలాఖరుకి కంచు పోస్తారు. పోశాక ఎవరు మొత్తుకున్నా లాభం లేదు. ఇప్పుడు ఆపగలిగింది మీరొక్కరే. అతను విలుకాడు కాదు, నేను పొరబడ్డాను అని మీ సంతకంతో ఒక్క ముక్క పంపితే చాలు, ఆగిపోతుంది. అందుకే ఈ ఉత్తరం. ప్రేమ పొంగుకొచ్చి కాదు.

ఇంకొక్క మాట. మీరు, తమరు అంటూ ఇక రాయలేను. కలం మొరాయిస్తోంది. నువ్వు అనే రాస్తాను, ఏం చేసుకుంటావో చేసుకో.

నీ వాదన నీకే ఒకసారి గుర్తుచేస్తాను, ఎందుకంటే సన్మానాల హడావిడిలో మర్చిపోయి ఉంటావు. ఆ మనిషికి భుజం గూళ్లు రెండూ పొడైపోయాయి. మోచేతుల కిందిభాగాన్ని నేల తినేసింది. చేతుల్లో మిగిలినవి మోచేతుల పైనుండే దండచెయ్యి ఎముకలు రెండే. కుడిది లావుగా ఉంది, కండరాలు అతుక్కునే చోట్ల గట్లు కట్టి గరుకుగా ఉంది. ఎడమది సన్నగా, నున్నగా, తేలిగ్గా ఉంది. ఎముక కూడా వాడేకొద్దీ బలుస్తుంది, వాడకపోతే చిక్కిపోతుంది. అంతవరకూ నిజమే. అక్కణ్ణించి నువ్వు ఒక్క గెంతు గెంతావు. కుడిచేత్తో బతుకంతా వింటితాడు లాగాడు, అందుకే అది బలిసింది, కాబట్టి మహా విలుకాడు! పత్రికలవాళ్లు ఎగబడ్డారు. నీ పుస్తకం అట్ట మీద ఎముక కన్నా నీ ఫోటోయే పెద్దగా వేశారు.

నేనడిగింది చిన్న ప్రశ్న. తాడు లాగే చెయ్యి సరే, విల్లు పట్టుకున్న చెయ్యి ఏం చేస్తోంది నాయనా, దణ్ణం పెడుతోందా? తాడు లాగుతుంటే విల్లుని ఎదురు నెట్టి నిలబెట్టేది ఆ చెయ్యే కదా, మరి అదీ బలవాలిగా? పైగా అతని చీలమండ ఎముకల ముందు అంచున నున్నటి మచ్చలున్నాయి. ఏళ్ల తరబడి గొంతుక్కూచుని పనిచేసేవాళ్లకి పడే మచ్చలవి. గొంతుక్కూచుని యుద్ధాలు గెలిచిన వీరుణ్ణి నేనెక్కడా చదవలేదు, నేను చదవనివి తక్కువ.

నువ్వు అతని కుడిచేతిని అతని ఎడమచేతితోనే పోల్చి ఊరుకున్నావు. నేను అదే శ్మశానంలో దొరికిన మగవాళ్లందరి కుడిచేతులతో పోల్చాను. తీరా చూస్తే అది మామూలు చెయ్యి. కష్టం చేసుకుని బతికిన ఏ మగవాడికైనా అంతే ఉంది. అంటే కుడిది బలవలేదు, ఎడమది చిక్కింది. చిన్నతనంలో జబ్బు చేసి ఎడమచెయ్యి చచ్చుబడిపోయిన మనిషి అతను. కావాలంటే పళ్లు చూడు. పళ్ల మీద అడ్డంగా గాడులున్నాయి. పసితనంలో పెద్ద జబ్బు చేసి, పన్ను ఎదుగుదల కొన్నాళ్లు ఆగిన గుర్తులు.

అలాంటివాడు నడివయసు దాకా బతికాడు. ఎవరో అతనికి బట్ట ముడేసి ఉంటారు. బరువెత్తేటప్పుడు ఎవరో రెండోవైపు పట్టి ఉంటారు. ఆ ఎవరో ఎముకల్లో కనిపించరు, కానీ వాళ్లు లేకపోతే ఆ ఎముకలకి అంత వయసు వచ్చేది కాదు. అంత మంచి సంగతిని నేలపాలు చేసి నువ్వు విల్లూ బాణం అమ్ముకున్నావు. నా కడుపుమంట అది. నీ పేరు చూసి కాదు, నువ్వు నమ్మినా నమ్మకపోయినా.

ఇదే మాట నిండుసభలో లేచి చెప్పబోయాను. నాలుగు ముక్కలు చెప్పానో లేదో, వేదిక మీంచి నువ్వు మైకు దగ్గరికి లాక్కుని, “మావాడికి మనుషుల్లో వీరులు కనబడరండీ, రోగులే కనబడతారు” అన్నావు. హాలు హాలంతా నవ్వింది. ముందు వరసలో మన పెద్ద ప్రొఫెసరు పొట్ట పట్టుకుని నవ్వాడు, ఆయన ఆత్మకి శాంతి కలగకుండుగాక. మావాడు అన్న మాట ఉంది చూశావూ, అది అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంది. పరాయివాడు అయితే పట్టించుకునేవాణ్ణి కాదు. టీ కూడా తాగకుండా వచ్చేశాను. నువ్వు వెనకాల వస్తావేమో అని గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను కూడా. రాలేదు. సన్మానం శాలువా కప్పించుకుంటున్నావని తర్వాత తెలిసింది.

అప్పణ్ణించి ముప్పై ఏళ్లుగా ఎవరికి చెప్పినా ఒకటే జవాబు, పాత పగ తీర్చుకుంటున్నాడు ముసలాడు అని. నేను రాసిన వ్యాసాన్ని ఒక సంపాదకుడు, ‘భాష బాగుంది, కోపం తగ్గించండి’ అని తిప్పి పంపాడు. ఎముకల గురించి ఒక్క ముక్క రాయలేదు.

అందుకే ఈసారి ఎక్స్‌రే తీయిద్దామనుకున్నాను. ఎముకల గది అమ్మాయిని బతిమాలి, ఆమెనే వెంటబెట్టుకుని, ఆ ఎడమచెయ్యిని దూదిలో చుట్టి ఆస్పత్రికి పట్టుకెళ్లాను. అక్కడ ఎక్స్‌రే కుర్రాడు పేషెంటు వయసు అడిగాడు. చచ్చేనాటికి నలభై అన్నాను. వాడు దూది విప్పి చూసి రెండడుగులు వెనక్కేసి, “ఏంటి సార్ ఇది, ఇంతకాలం ఏం చేస్తున్నారు, ఇప్పుడా తీసుకొచ్చేది?” అన్నాడు. ఆ అమ్మాయి గోడకి తిరిగి నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు. ఎక్స్‌రేలో ఎముక గోడ పల్చగా కనిపించింది, నేను చెప్పినట్టే. ఆ ఫిల్ము మీ కమిటీకి పంపితే, ‘అందినది’ అని ఒక్క మాట వేసి ముద్ర గుద్ది పంపారు.

ఇంటికొచ్చి చిందులు తొక్కుతుంటే మా ఆవిడ, “ఆ చచ్చినాయన విల్లు పట్టుకుంటే మీకేం, చీపురు పట్టుకుంటే మీకేం? ముందు మీ భుజం డాక్టరుకి చూపించుకోండి, సంచి మొయ్యలేరు గానీ” అంది. ఆవిడకేం తెలుసు అనబోయాను, కానీ నిజంగానే సంచి ఆవిడే మోస్తోంది.

ఇది ఆఖరిమాట అనుకో. ఆ కాగితం పంపు. పంపకపోతే తెరిచే రోజున వచ్చి, పెద్దలందరి ముందూ ఆ బొమ్మ పక్కన నిలబడి, ఇతను విలుకాడు కాదు, జబ్బుమనిషి అని అరుస్తాను. మళ్లీ నవ్వుతారు. నవ్వనీ. ఆ మనిషి తన అవిటిచెయ్యి తను పెట్టుకుని పడుకున్నాడు. చచ్చిపోయినవాడి కష్టం కూడా లాక్కుంటే ఎలా?

ఇట్లు,
ఒకప్పుడు మీతోపాటు మట్టి తవ్వినవాడు

తా.క. (గురువారం)

ఉత్తరం ఇంకా పోస్టు చెయ్యలేదు. నిన్న ఎముకల గది అమ్మాయి ఫోను చేసి, “ఒకసారి రండి సార్. వచ్చి, కూర్చుని, ఆ తర్వాత వినండి” అంది. వెళ్లాను. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మరీ అడిగింది: “కుడిచేతిని మగవాళ్లందరి చేతులతో పోల్చారు కదా సార్. ఎడమచేతిని ఎప్పుడైనా ఆడవాళ్ల చేతుల పక్కన పెట్టి చూశారా?”

లేదు. నువ్వూ చూసి ఉండవు.

బల్ల మీద ఆమె ఇంకో పెట్టె తెరిచి ఉంచింది. మన విలుకాడి పక్క సమాధిలో దొరికిన ఆడమనిషిది. నీతో తగాదా పడ్డమే సరిపోయింది గానీ ఆ పెట్టె నేనెన్నడూ విప్పలేదు. ఆమెకి ఎడమ భుజం గూడు చక్కగా మిగిలింది. కానీ పెట్టెలో ఆమెదని ఉన్న ఎడమచెయ్యి లావుగా, గరుకుగా ఉంది, ఆ గూట్లో పట్టనే పట్టదు. మన విలుకాడి సన్న చెయ్యి తెచ్చి పెడితే ఇట్టే కూర్చుంది. ఆ లావు చెయ్యిని విలుకాడి కుడిచేతి పక్కన పెట్టింది. అదే పొడవు, అవే గట్లు. జత కుదిరింది. నేను రెండుసార్లు అటూ ఇటూ మార్చి చూశాను. ఏ లాభం లేకపోయింది.

ఒరేయ్, ఆ ఎడమచెయ్యి అతనిది కాదురా.

అతనికి విల్లూ లేదు, జబ్బూ లేదు. నువ్వు గర్వపడ్డ మనిషీ లేడు, నేను జాలిపడ్డ మనిషీ లేడు. చిన్నప్పుడెప్పుడో కాస్త సుస్తీ చేసి తేరుకుని, రెండు చేతులతో కష్టపడి, గొంతుక్కూచుని పని చేసుకుని పోయిన మామూలు మనిషి ఉన్నాడు. ఆ సన్న చెయ్యికి ఏ రోగమూ లేదు, కాస్త వయసు మళ్లిన ఆడమనిషి చెయ్యి అది, అంతే. ఎక్స్‌రేలో పల్చగా కనిపించిందీ అందుకే. పాపం ఆవిడ ఇన్నేళ్లూ పరాయి మగవాడి చెయ్యి పక్కన పెట్టుకుని పెట్టెలో ఉంది.

ఎలా జరిగిందో కూడా తెలిసింది. ఆ వాన రోజు నీకు గుర్తుండాలి. గోతుల్లోకి నీళ్లొస్తున్నాయని రెండు సమాధులూ ఒకేసారి ఎత్తేశాం. నేను గోతిలో నిలబడి ఎముక తీసి ఏ సమాధిదో కేక వేసేవాణ్ణి, గట్టు మీద నువ్వు గొడుగు కింద కూర్చుని ఎముక మీద సిరాతో అంకె వేసేవాడివి. సిరా ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అంకెలు నీవే, ఎక్కడున్నా గుర్తుపడతాను.

పై ఉత్తరం చించేయబోతే మా ఆవిడ లాక్కుంది. “ఇన్నేళ్లు దాచుకున్న తిట్లు, పారేస్తే ఎలా? అన్నయ్యగారికి చేరనివ్వండి” అంది. అందుకే అలాగే పంపుతున్నాను.

అమ్మాయి శిల్పిని ఆపేసింది. ఆ తవ్వకం రిజిస్టరులో సంతకాలు చేసింది మనిద్దరమే కాబట్టి, ఎవరి చెయ్యి వాళ్లకి మనిద్దరం కలిసి పెడితే తప్ప గది తెరవనంటోంది. నేను సోమవారం పొద్దున్నే వెళ్తున్నాను. అంకెలు వేసింది నువ్వు కాబట్టి తప్పంతా నీదేనని అక్కడ అందరి ముందూ అంటాను. కేక వేసింది నువ్వు కదా అని నువ్వంటావు. తెలుసు.

ఆ మాట అనడానికైనా రా.