వడ్రంగి ముసలాయన ఆమెన్

అత్తయ్యగారికి వందనాలు. నా జ్వరం తగ్గింది, దిగులుపడకండి.

మా మిషన్ ఆసుపత్రిలో ముసలి వడ్రంగి ఒకాయన ఉన్నాడు. నేను రోజూ ఆయన మంచం పక్కన ప్రార్థన చేస్తుంటే, మధ్యలో చెయ్యెత్తి వాళ్ల భాషలో ఏదో మాట అనేవాడు. ఆమెన్ లాంటిదే అనుకుని, దేవుడిచ్చిన ప్రతిఫలమని మురిసి, ఇంకాస్త పొడిగించేవాణ్ణి. మొన్న నర్సు నవ్వాపుకోలేక చెప్పింది: "అయ్యో బ్రదర్, ఆయన 'ఇక చాలు' అంటున్నాడు!" అప్పటినుంచి ఇక్కడ ఎవరు తలూపినా నాకు అనుమానమే. ఇంత దూరం వచ్చి ఎవరికైనా మేలు చేశానా అన్నది అంతకన్నా పెద్ద అనుమానం.

నిన్న నోరు మూసుకుని ఆయన గోళ్లు తీశాను.

"ఏమబ్బాయ్, మీ దేవుడికి ఇవాళ సెలవా?" అన్నాడు. మా ఇద్దరి మాటలూ నర్సే అటూ ఇటూ మార్చి చెప్పింది.

"మీకు విసుగని తెలిసిందండీ."

"విసుగే. అలాగని మానేస్తావా? చిన్నది చెయ్యి," అని కళ్లు మూసుకున్నాడు.

ఎగతాళేమోనని చూశాను, కాదు. నా నోటికి మీ అమ్మాయి పేరొక్కటే వచ్చింది. ఆమె పోయాక ఆ పేరు పైకి పలకడం అదే మొదలు. మనసు తేలికపడింది.

మోకాలికి నూనె రాస్తున్నారా? ఆమె పాటల పుస్తకం పంపండి. వచ్చెయ్యమన్నారు, ఈ ఏడాది రాను. ప్రభువు మిమ్మల్ని కాచును గాక.

మీ ఉత్తరాల్లోనూ ఆమె పేరుండదు. నా కోసమే మానేశారని నా అనుమానం. ఇకనుంచి రాయండి.

మీ అల్లుడు