బర్రెకు వినిపించిన ఏనుగుల ముచ్చట

జనవరి 17, శనివారం

సంగమ్మను హైదరాబాద్ బస్సు ఎక్కించి ఇంటికి వచ్చాను. రాత్రికి విమానం. అల్లుడు గోపాల్ సెలవు అయిపోయి టాంజానియాకు తిరిగి పోతున్నాడు, అత్తను వెంట తీసుకుపోతున్నాడు. అక్కడ అతనికి బోర్లు వేసే పని. మా బిడ్డ సరిత కూడా అక్కడే. పది రోజులు అడవి, కొండ చూపిస్తారట.

నన్నూ రమ్మన్నారు. ఆ దేశం పోయి రావాలంటే ఒక టీకా వేయించుకోవాలి. నేను మింగే గోలీలకు ఆ టీకా పడదన్నాడు డాక్టరు. మొహం చిన్నబుచ్చుకున్నట్టు పెట్టాను. లోపల మాత్రం — హమ్మయ్య. విమానంలో పక్కవాడు పలకరిస్తే ఏం చెప్పాలి? అల్లుడి దోస్తులు వస్తారు. నమస్తే అన్నాక నాకు మాట దొరకదు.

ఆమె సంచిలో జొన్నపిండి, కారప్పొడి, ఒక టెంకాయ. టెంకాయ ఎందుకన్నాను.

"కొండ ఎక్కిస్తమన్నరు గద. దేవుడు లేని కొండ ఉంటదా?"

సంగమ్మ అని రాస్తున్నాను. నోటితో ఎన్నడూ పిలవలేదు. ఇగో, అంటాను. లేకుంటే సరిత వాళ్లమ్మా. కాగితం అయితే ఎవరికీ చెప్పదు.

జనవరి 18, ఆదివారం

బర్రె పాలివ్వలేదు. దూడను విడిచాను, దాణా పెట్టాను, పొదుగు కడిగాను. పాలు చేపలేదు. ఒక్క చుక్క లేదు. తల తిప్పి నన్నే చూస్తోంది.

పక్కింటి రుక్కమ్మ గోడ మీదుగా చూసింది.

"అన్నా, మా వదినె దాంతోని ఊర్లె ముచ్చట్లన్ని చెప్పుకుంట పిండుతది. నువ్వు దొంగ లెక్క కూసుంటివి. జెర మాట్లాడరాదు. బర్రెతోని గూడ సిగ్గేనా?"

మాట్లాడదామనే కూర్చున్నాను. ఏం మాట్లాడాలి...

జనవరి 19, సోమవారం

క్షేమంగా చేరింది. సరిత ఫోన్. సంగతి తెలిశాక అన్నం తిన్నాను.

పాలు — గ్లాసెడు. అదీ దూడ దయ.

జనవరి 20, మంగళవారం

సంగమ్మ గొంతు వచ్చింది ఫోన్లో. సరిత రికార్డు చేసి పంపింది. నాలుగుసార్లు విన్నాను.

"ఇగో, ఇనవడుతుందా? ఏనుగులయ్యా. ఒకటి కాదు రెండు కాదు, మంద. మన కంగ్టి రోడ్డు మీద గొర్లు అడ్డమొచ్చినట్టు వచ్చినయ్. జీపు ఆపిండు డ్రైవరు. ఎవ్వరు మాట్లాడొద్దన్నడు. నాకు ఎంత కష్టమైందో నీకు ఎరికేనా? ముసలి ఆడది ముందట నడుస్తది, బిడ్డలు, మనుమలు దాని ఎనుక. మరి మొగది ఏడ అని అడిగిన. దూరంగ చెట్టు కింద ఒక్కటే నిలవడ్డది, చూయించిండు. అచ్చం నీ లెక్కనే. ముచ్చట లేదు, పాడు లేదు."

పాకలోకి పోయినప్పుడు ఫోన్ జేబులోనే ఉంది. మళ్లీ విందామని పెట్టాను. బర్రె చెవులు నిక్కించింది. మేత నమలడం ఆపింది. పొదుగు మీద చేయి వేశాను — చేపింది. చెంబు నిండింది.

ఎంత తేలికయిందో. ఏనుగుల ముచ్చట అయిపోతే మళ్లీ మొదటినుంచి పెట్టాను.

జనవరి 21, బుధవారం

ఇవాళ రెండు వచ్చాయి. ఒకటి సింహం గురించి.

"సింహం ఏం జేస్తుందనుకున్నవ్? పండుకున్నది. నాలుగు కాళ్లు మీదికి. ఈగలు కొట్టుకుంట. దీని కోసమా గింత దూరం వచ్చిన అనుకున్న. మల్ల లేచి ఒక్కసారి నా దిక్కు చూసింది... ఏమనలే. నేను గూడ ఏమనలే."

రెండోది పెద్దది. వేల వేల అడవిదున్నల్లాంటివట, గడ్డి మైదానం నల్లగా. ఈనే కాలం. సంగమ్మ కళ్ల ముందే ఒకటి ఈనింది. దూడ లేచింది, పడింది, లేచింది. జీపులో కూర్చుని సీసాడు నీళ్లు తాగేంత సేపట — అప్పటికే తల్లి వెంట ఉరుకుతోంది. "మన దూడయితే పొద్దుగూకెదాంక కాళ్లు విరిగినట్టు చేస్తది," అంది.

ఇది విని కూడా బర్రె పాలిచ్చింది. దానికి కోపం రాలేదు.

జనవరి 22, గురువారం

గుండప్ప కిరాణం కొట్టుకు పోయాను. భజన మండలిలో హార్మోనియం అతనే. మండలిలో నేను వెనక వరసలో తాళాలు కొడతాను. ముప్పై ఏళ్లకు పైనే అయింది. పాట ఎన్నడూ ఎత్తుకోలేదు.

"పెండ్లాం ఆఫ్రికాల పులులను చూస్తుంది, నువ్వు ఈడ ఉప్పు కొంటున్నవ్. ముచ్చటేమన్న చెప్పరాదురా. నోట్లె ముత్యాలున్నయా, తెరిస్తె రాల్తయని?"

పులులు లేవు అక్కడ, అన్నాను. అదే నా ముచ్చట.

రేపు కొండ. పేరు కిలిమంజారో. ఒక మకాం దాకా నడిచి, రాత్రి అక్కడి గుడిసెలో పండుకుని దిగుతారట. సంగమ్మకు నడక కొత్త కాదు. పండరిపురం నడిచిపోయే దిండీతో ఎన్నిసార్లు పోయిందో. నా భయం నడక కాదు, ఆ టెంకాయ.

జనవరి 23, శుక్రవారం

కబురు లేదు. ఏనుగుల ముచ్చట పెట్టి పాలు పిండాను.

జనవరి 24, శనివారం

సరిత ఫోన్ చేసింది. కొండ కింది నుంచి. ఒక్కతే.

"నాకు మోకాళ్లు పట్టినయి నాయిన, మొదటి మకాంల నుంచే దిగిన. అమ్మ దిగనంటుంది. ఇంకో మకాం పోయి టెంకాయ కొట్టి వస్తనంటుంది. ఆయన, గైడు వెంట ఉన్నరు. నువ్వు పరేషాన్ గాకు."

ఎంత ఎత్తు అని అడిగాను. మబ్బులు కిందికి కనిపిస్తాయట. అంత ఎత్తులో గాలి పలుచన, కొందరికి తల తిరుగుతుందట. గోపాల్ ఫోన్ కలవడం లేదట.

పరేషాన్ గాకు అన్నది కానీ సరిత గొంతు వేరేగా ఉంది.

జనవరి 25, ఆదివారం. పొద్దున

కరెంటు లేదు. లైను పని. ఫోన్ ఆగిపోయింది. కబురు వస్తే ఎట్లా వస్తుంది?

బర్రె అరుస్తోంది. పొదుగు బిగిసింది. పక్కన కూర్చున్నాను. ఇవాళ వినిపించడానికి ఏనుగులు లేవు. అమ్మ విసుర్రాయి దగ్గర పాడే పాట ఒకటి ఉంది, విఠలుని మీద. పెదవులు కదిపాను. తర్వాత కొంచెం గొంతు. గోడ అవతల రుక్కమ్మ ఉందేమోనని ఆగాను. బర్రె తల తిప్పింది. మళ్లీ ఎత్తుకున్నాను.

చేపింది.

నా గొంతుకు. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

ఫోన్ గుండప్ప కొట్టులో ఇన్వర్టరుకు పెట్టి గుడికి పోయాను. విఠలుని ముందు నిలబడ్డాను. ఏం ఇస్తానని మొక్కాలి? ఆయనకు ఏం తక్కువ? నాకు అన్నిటికంటే కష్టమైంది ఇవ్వాలి కదా. సంగమ్మ కిందికి దిగితే ఏకాదశి భజనలో ముందుకు వచ్చి ఒక పాట పాడతాను.

మొక్కిన మరుక్షణమే భయమేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం

గుండప్ప కొట్టు మెట్ల మీద కూర్చున్నాను. ఫోన్ మోగితే అతనే ఎత్తాడు. విన్నాడు. బజారంతా వినేట్టు చెప్పాడు.

"దిగిందంటరా నీ పెండ్లాం. మంచిగుందంట. అన్నం తింటుందంట."

మెట్టు మీదే ఉండిపోయాను. గుండప్ప బెల్లం ముక్క తెచ్చి నోట్లో పెట్టాడు.

ఇంటికి వచ్చి నిన్నటి రొట్టె పాలల్లో నానబెట్టుకుని తిన్నాను. ఎంత రుచిగా ఉంది...

జనవరి 26, సోమవారం

సంగమ్మ గొంతు. కొంచెం బొంగురు.

"రెండో మకాంల తల పగిలిపోయింది. కక్కిన. గోపాల్ తెల్లగయిండు. ఆ గైడు, జోసెఫ్ పేరు, నా చెయ్యి పట్టి చూసిండు, కండ్లు చూసిండు. దిగు అన్నడు. జెర ఆగు, టెంకాయ కొట్టి దిగుత అన్న. ఈడ దేవుడు లేడమ్మా, ఈ కొండ మీద ఏది వదిలిపెట్టొద్దు, పెంకు గూడ కిందికి మోసుకపోవాలె అన్నడంట. గోపాల్ చెప్పిండు. దేవుడు లేకుంటె ఇంత పెద్ద కొండ ఎవరిది అని అడిగిన. దారి పొడుగున తిట్టుకుంట దిగిన. వాడు నవ్వుకుంట నా సంచి మోసిండు. కింద జొన్న రొట్టె, కారం పెట్టిన. వాళ్ల ఊర్ల గూడ జొన్నలున్నయంట, రెండు తిన్నడు. టెంకాయ నా తానే ఉంది. నువ్వు అన్నం తింటున్నవా?"

తింటున్నాను అని ఫోనుకే చెప్పాను. అది పంపడం నాకు రాదు.

జోసెఫ్ అన్న ఆ మనిషికి మనసులో దండం పెట్టుకున్నాను.

జనవరి 27, మంగళవారం

రెండు పూటలూ పాటే. ఏనుగుల ముచ్చట పెట్టలేదు. రుక్కమ్మ గోడ దగ్గరికి వచ్చింది, నేను ఆపేశాను. "రేడియో పెట్టినవా అన్నా?" అంది. తల ఊపాను.

జనవరి 28, బుధవారం

వచ్చింది.

హైదరాబాద్ దాకా అల్లుడి దోస్తు ఒకడు తోడు వచ్చాడట. బస్సు దిగింది. నల్లబడింది, ముక్కు మీద తోలు లేచింది. సంచి అందుకున్నాను. "చిక్కినవ్," అంది. నువ్వూ, అన్నాను. ఆటోలో ఇల్లు చేరేదాకా జిరాఫీల ముచ్చట చెప్పింది. డ్రైవరు రెండుసార్లు బండి మెల్లగా చేసి విన్నాడు. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇంత నెమ్మది ఎన్నాళ్లయింది.

టెంకాయ తీసి దేవుని గూట్లో పెట్టింది. కొండ ఎక్కి దిగిన టెంకాయ. ఒక పక్క పీచు ఊడింది.

"రేపు ఏకాదశి గద. భజన అయినంక విఠలుని ముందట కొడుత."

సరే అన్నాను. మిగిలింది చెప్పలేదు.

జనవరి 29, గురువారం. ఏకాదశి

పొద్దున సంగమ్మే పాలు పిండింది. సింహం సంగతి బర్రెకు మొదటినుంచి చెప్పింది. అది నా వైపే చూస్తోంది.

"ఏంది, ఇది నీ దిక్కు చూస్తుంది? ఏం మందు పెట్టినవ్ దీనికి?"

దాణా మంచిది అన్నాను.

నోటితో చెప్పని మొక్కు. విఠలునికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన కూడా ఎక్కువ మాట్లాడే దేవుడు కాదు. తప్పించుకుంటే అడిగేవాళ్లు లేరు... సంగమ్మ మాత్రం దిగింది. ఎదురుగానే ఉంది. పీట మీద కూర్చుని ముక్కుకు కొబ్బరినూనె రాసుకుంటోంది.

పొద్దు గూకుతోంది. గుడి దగ్గర గుండప్ప హార్మోనియం సరిచేస్తున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. సంగమ్మ టెంకాయ కొంగులో పట్టుకుని వాకిట్లో నిలబడింది.

"ఇగ నడువ్. ఏం రాస్తున్నవ్? తాళాలు గోడకే ఉన్నయ్, మర్చిపోయినవా?"

మర్చిపోలేదు, అన్నాను.

గోడ వైపు చూసింది. నా చేతుల వైపు చూసింది.

తాళాలు గోడకే ఉండనీ, ఇవాళ పాట. ఒక గుక్క నీళ్లు తాగి —